మొదటి బోనం మా మేనత్తదే

మా మేనత్త పోయిన సంగతి నాకు చెప్పింది ఆమె బద్ధశత్రువు. మేడ్చల్‌ల మా ఆఫీసు క్యాంటీన్ల ఇడ్లీ ముందర పెట్టుకొని కూసున్న. ఫోన్ మోగింది. అవతలి గొంతుల ఏడుపు లేదు. ఒళ్లు మండుతున్న కోపం ఉంది.

"నీ మేనత్త అనుకున్నంత పని జేసింది రా," అన్నది చిన్నత్త.

"ఇప్పుడేం జేసింది అత్తా?" అన్న, అలవాటు కొద్ది.

"సచ్చిపోయింది. బోనాలు ఇరువై దినాలల్ల వెట్టుకొని సచ్చిపోయింది. ఇగ నేనేం జెయ్యాలె?"

చిన్నత్త అంటే మా మేనత్తకు యారాలు. పుస్తకాలల్ల తోడికోడలు అని రాస్తరు. ఆ మాటల తోడు అని ఉంది కాబట్టి వీళ్లిద్దరికి అది పనికిరాదు. లాల్‌గడి మలక్‌పేట్‌ల అన్నదమ్ములను చేసుకొని ఒకే ఇంటికి కోడళ్లుగ వచ్చిండ్రు. తర్వాత ఆ ఇల్లు రెండయింది. నడుమ ఒక గోడ లేసింది.

ఫోన్ల చిన్నత్త ఎందుకు గంత మండిపడ్డదో చెప్పాలంటే వాళ్ల ఇంటి కట్టు ఒకటి చెప్పాలె. ఇంట్ల మనిషి పోతే ఏడాది తిరిగేదాంక ఆ ఇంటి నుంచి బోనం లేవదు. పాలోళ్లది, అంటే పంచుకున్న అన్నదమ్ముల ఇంటిది గూడ లేవదు. ఈ రెండిండ్లల్ల ఎవరు పోయినా రెండు బోనాలూ ఆగుతయి. కాబట్టి మా మేనత్త పోతూ పోతూ గోడ అవతలి బోనానికి గూడ తాళం వేసింది.

నిద్రల గుండె ఆగిందని డాక్టర్లు అన్నరు. వాళ్లు చదువుకున్నోళ్లు, అట్లనే అంటరు. ఆమె తారీఖు చూసుకొనే పోయిందని నేను నమ్ముతున్న. ఈ నివాళి ఆ నమ్మకం మీదనే నడుస్తది. ఇష్టం లేనోళ్లు ఇక్కడనే దిగిపోవచ్చు.

అత్తకు పిల్లల్లేరు. నేనున్న. ఇందుల ఎవరికి ఎక్కువ నష్టమయిందో ఇప్పటికీ తేలలేదు. అల్వాల్‌ల మా ఇంటికి వస్తే నా మార్కులు అడగకపోయేది, నాతోటి ఎవరు కొట్లాడిండ్రో అడిగేది. పేర్లు చెప్తే గుర్తుపెట్టుకునేది. మూడో తరగతిల నా టిఫిన్ డబ్బా దాచిపెట్టిన పిల్లగాడు మొన్న పెండ్లిపత్రిక తెచ్చిస్తే, "వీడే గదా డబ్బా దొంగ," అని పెండ్లికొడుకు మొఖం మీదనే అడిగింది. మర్చిపోవడం మంచితనం అని మా నాయిన ఆమెకు చానాసార్లు చెప్పి చూసిండు. "మర్శిపోతే మల్ల గదే జేస్తరు తమ్మీ. యాది వెట్టుకుంటె బయపడి సక్కగ ఉంటరు," అనేది. నేను చదువుకున్న పుస్తకాలల్ల దీనికి ఎదురు జవాబు ఎక్కడా దొరకలేదు.

లాల్‌గడి మలక్‌పేట్‌ల పోచమ్మ గుడి చిన్న గుట్ట మీద ఉంటది. అత్తోళ్ల ఇంటి పెద్దకోడలు ఎత్తే బోనమే ఊరందరి ముందర నడుస్తది. పసుపు పూసిన కుండ, అందుల బువ్వ, చుట్టూ యాపమండలు, పైన దీపం. ఒక్కసారి తలకెత్తుకుంటే అమ్మవారి ముందర దాంక దించొద్దు. నడుమల ఆగి దమ్ము తీసుకునుడు ఉండదు. పెండ్లయి వచ్చిన సంది ఆ మొదటి బోనం మా మేనత్తదే. కుండను చేత్తోటి పట్టుకోకుంట మెడ నిలవెట్టి నడిచేది. ఆమె ముందర నడుస్తుంటే డప్పులోళ్లే ఆమె అడుగు చూసి దరువు మార్చుకునేటోళ్లు.

తర్వాత ఆమెకు దమ్ము, అంటే ఆయాసం, రావడం మొదలయింది. మొదట్ల మెట్లెక్కితే వచ్చేది. పోను పోను పండుకుంటే గూడ వచ్చేది. దిండ్లు ఎత్తు పెట్టుకొని కూసోని నిద్రపోయేది. పాదాలు ఉబ్బినయి. గ్యాస్ అన్నరు, దిష్టి అన్నరు, వయసు అన్నరు. ఆ ఏడాది బోనాలకు ఎవ్వరు చెప్పినా వినకుంట ఎత్తింది. గుట్ట సగం ఎక్కంగనే మోకాళ్లు వంగినయి. నేను పక్కనే ఉన్న, పట్టుకున్న. ఆమెను పట్టుకోగలిగిన గని కుండను నేను ముట్టొద్దు. ఆమె తన చేతులతోటే బోనం నేల మీద దించింది.

డప్పులు ఆగినయి. వెనుక ఉన్న చిన్నత్త తన బోనం కోడలికిచ్చి, ముందుకొచ్చి, నేల మీది కుండను తలకెత్తుకొని సాగిపోయింది. నీకిస్తున్న అని ఎవ్వరూ అనలేదు. ఇయ్యమని ఆమె అడగనూ లేదు. ఊరంతా చిన్నత్తను మెచ్చుకున్నరు, పండుగ నిలబెట్టిందన్నరు. అత్త ఆ రాళ్ల మీద కూసోని, నోరు తెరిచి గాలి గుంజుకుంటూ, ఆ కుండ మలుపు తిరిగేదాంక చూసింది.

"అడగనన్న అడగలే రా," అన్నది నాతోటి. ఆ ఒక్క ముక్క అననీకె మూడుసార్లు ఆగింది.

తెల్లారి నుంచి చిన్నత్త, అక్క పని అయిపోయింది, ఇగ మొదటి బోనం నాదే అని ఊరంతా చెప్పుకొచ్చింది. కొత్త ఇత్తడి గుండిగ గూడ తెచ్చుకుంది. ఆ గుండిగను గోడ మీద పెట్టి చింతపండుతోటి తోమేది. తోమనీకె ఆమె ఇంట్ల వేరే జాగ లేదు పాపం.

అత్తను సికింద్రాబాద్ దిక్కు ఒక పెద్దాసుపత్రికి తీస్కపోయిన. డాక్టరమ్మది కోస్తా దిక్కు. మెత్తగా మాట్లాడేది. గుండె లోపల ఎడమ పక్కన రెండు రెక్కల తలుపు లాంటిది ఉంటుందని, అత్త గుండె ఉబ్బి సాగిపోవడంతో ఆ రెక్కలు ఒకదాన్నొకటి అందుకోవట్లేదని, ముందుకు పోవాల్సిన రక్తం కొంత వెనక్కి ఊపిరితిత్తుల దిక్కు తన్నుతోందని చెప్పింది.

"చౌకట్ సాగింది, గొళ్లెం పడతలేదు, గంతే గదా," అన్నది అత్త.

అంతేనండి, అన్నది డాక్టరమ్మ. ముందు చానా రోజులు మందులే ఇచ్చింది. వాపు తగ్గింది గని దమ్ము తగ్గలేదు. ఛాతీ కోసి చేసే ఆపరేషన్‌ను ఆ గుండె తట్టుకోదన్నది. ఇంకో దారి ఉందన్నది. తొడ దగ్గరి నరంలోంచి సన్నటి గొట్టం పంపి, గుండె దాంక పోయి, ఆ రెండు రెక్కల్ని నడుమల ఒక్క దగ్గర కలిపి క్లిప్ పెడతారట. క్లిప్‌కు అటూ ఇటూ రక్తం పోనీకె దారి ఉంటదట. గుండెకు కొత్త బలం రాదు, కారుడు తగ్గితే ఉన్న బలమే సక్కగ పనికొస్తది, మందులు మాత్రం ఎప్పటికీ మానొద్దు అని విప్పి చెప్పింది. చేసేటప్పుడు ఏమైనా కావచ్చని గూడ దాచకుంట చెప్పింది.

అత్త అన్నీ విని ఒక్కటే అడిగింది. "బోనం ఎత్తొచ్చా?"

"బోనం ఎంత బరువుంటుందండీ?" అన్నది డాక్టరమ్మ.

అత్త నా దిక్కు తిరిగి, ఈమె నిజంగ డాక్టరేనా అన్నట్టు చూసింది. కుండ గురించి, గుట్ట గురించి, దించొద్దనే కట్టు గురించి నేను చెప్పిన. మధ్యలో ఎవరైనా సాయం పట్టకూడదా అని డాక్టరమ్మ పాపం మంచికే అడిగింది.

"పట్టింది ఒకతి. గందుకే నీ దగ్గరికొచ్చిన," అన్నది అత్త.

ఇదంతా విని మా మామకు, అంటే అత్త పెనిమిటికి, బావ వరస అయ్యే ఒక పెద్దమనిషి, శామీర్‌పేట చుట్టుపక్కల ప్లాట్లమ్మే ఆయన, ఆసుపత్రికి వచ్చి మమ్మల్ని పక్కకు పిలిచిండు. ఈ వయసుల గుండెల ఇనుపముక్క ఎందుకు, ఇంటికి తీస్కపోయి పండవెట్టి సుట్టాలకు ఫోన్లు జేయిన్రి అన్నడు. పక్కకు పిలిచిండు గని గొంతు పక్కకు పెట్టలేదు. అత్త మంచం మీద నుంచే జవాబిచ్చింది.

"పండుకుంటెనే దమ్మొస్తదని డాక్టర్ మొత్తుకుంటాంది. నీకు పండవెట్టుడు తప్ప ఇంకో వైద్యం రాదా?"

ఆయన మాట మా మామను కొంచెం వణికించిన మాట నిజం. సంతకం పెట్టే చేయి ఆగింది. అత్త ఆ చేయి దిక్కే చూసింది. "పెట్టు. పోతే ఆపరేషన్ బల్ల మీదనే పోత. గాడ రాళ్ల మీద కూసోని మల్ల సూడను," అన్నది. మామ పెట్టిండు.

క్లిప్ వేసిన తెల్లారి పొద్దుగాల ఆమె వెల్లకిల పండుకొని ఉంది. ఒక్క దిండు మీద. నేను భయపడి దగ్గరికి పోయి చూస్తే గురక పెడుతోంది. ఆ గురక కంటే మంచి సంగీతం నేను ఇప్పటిదాంక వినలేదు. ఇది పొగడ్త కాదు, వాస్తవం.

అక్కడి నుంచి ఊరికి పోను అన్నది. అల్వాల్‌ల మా ఇంట్లనే ఉన్నది. ఆఖరి రోజులకు పుట్టింటికి పోయిందని చిన్నత్త ఊర్ల చెప్పిందట. నిజం చెప్తనని మా నాయిన లేస్తే అత్త కూసోబెట్టింది. "అనుకోని. బాగ ఖాయం జేసుకోని. అప్పుడు పోత."

డాక్టరమ్మ కొన్ని వారాలు ఏదీ ఎత్తొద్దన్నది. ఎత్తలేదు. తర్వాత నడక మొదలుపెట్టింది. ముందు గేటు దాంక, తర్వాత రైలు స్టేషన్ దాంక. డాక్టరమ్మ సరే అన్నంక ఉత్త బిందె తల మీద పెట్టుకొని నడిచింది. ఆ తర్వాత సగం నీళ్లతోటి. మా వీధిల అందరూ ఉద్యోగాలు చేసుకునే ఆంధ్రోళ్లు. బిందె ఎత్తుకొని తిరుగుతున్న పెద్దామెను చూసి వాళ్ల మనసు కరిగిపోయింది. "పిన్నిగారూ, మీకు నీళ్లు రావట్లేదా? చెప్పొచ్చు కదండీ," అని ఒకామె. "మోటార్ పాడైందా అండీ?" అని ఇంకొకాయన. ఒకరోజు ఎవరో మా ఇంటి ముందర నీళ్ల ట్యాంకర్ గూడ ఆపించిండ్రు. మా అమ్మ సిగ్గుతోటి తలుపేసుకుంది. అత్త మాత్రం ట్యాంకర్ డ్రైవర్‌కు మంచినీళ్లిచ్చి పంపింది.

బోనాల నాడు నా కార్ల దిగింది. చిన్నత్త కొత్త గుండిగకు బొట్లు పెట్టుకొని, డప్పులోళ్ల ముందర నిలబడి ఉంది. మా అత్త తన మట్టికుండ తలకెత్తుకొని పోయి ఆమె ముందర నిలబడ్డది. వెనక్కి తిరగలేదు, ఎందుకంటే బోనమెత్తినోళ్లు తిరగొద్దు.

"ఎనుకకు జరుగు," అన్నది. ఏడాదంతా దాచుకున్నది ఆ రెండు మాటల్లకే.

చిన్నత్త జరిగింది. చచ్చిపోతదనుకున్న మనిషి నిలబడి జరుగు అంటే ఎవరైనా జరుగుతరు. గుట్ట ఎక్కుతుంటే నేను పక్కన ఉరుకుతూ ఫోన్ల ఫొటోలు తీసిన. అత్త ఎక్కడా ఆగలేదు. కుండ మీది దీపం గూడ ఆమెకు భయపడి కదలలేదు. గుడి ముందర బోనం దించి, దండం పెట్టుకొని, నన్ను దగ్గరికి పిలిచింది. విజయోత్సవం మీద ఏమైనా ప్రసంగం చేస్తదేమో అనుకున్న.

"బండి దీయ్. దాన్ని ఎక్కించు," అన్నది.

ఎవర్ని అంటే చిన్నత్త దిక్కు చూపించింది. చిన్నత్త బోనం దించి, కొంగు సర్దుకుంటున్నట్టు చేసుకుంటూ గోడకు ఆనుకొని ఉంది. దారి పొడుగునా వెనుక నుంచి ఆ ఊపిరి సప్పుడు విన్నదట అత్త. "గా సప్పుడు నాకెరికే. నా ముక్కులకెళ్లి వచ్చినంత కాలం విన్న. కొంగు సర్దినట్టు జేసి ఆగుడు గూడ ఎరికే. నేను గట్లనే జేసిన."

నాలో ఉన్న మంచి మనిషి అప్పుడు బయటికొచ్చిండు. "అత్తా, పోచమ్మే నీకు దారి చూపిస్తాంది. ఆమెను ఆమె కర్మకు ఇడిసిపెట్టు," అన్న. "నువ్వు రాళ్ల మీద కూసుంటే ఆమె ఆగిందా?"

"అది సస్తే నన్ను ఎవ్వలు సూడాలె రా?" అన్నది అత్త. "నేను ముంగట నడుస్త. అది ఎనుక నడవాలె. ఏడాదికొక్కసారి సూడాలె. గంత సులువుగ దాన్ని పోనిస్తనా?"

ఇంత స్వచ్ఛమైన పగ నేను ఎక్కడా చూడలేదు. చూసినోళ్లు చెప్పండి.

చిన్నత్త మొదట రానన్నది. నాకేం లేదు అన్నది. "నాకూ గట్లనే ఏం లేకుండె," అని అత్త ఆమె రెక్క పట్టి కార్ల కూసోబెట్టింది. ఆ డాక్టరమ్మనే చూసింది. ఎప్పుడో వచ్చి పోయిన గుండెపోటును ఈమె ఉత్త గ్యాస్ నొప్పి అనుకొని ఊరుకున్నదట. ఈమె గుండె గూడ సాగింది, ఈమె రెక్కలు గూడ కలుస్తలేవు. వీళ్లు అక్కాచెల్లెళ్లా అని డాక్టరమ్మ అడిగింది.

"కాదు," అన్నది అత్త. "చీరలు నన్ను సూసి కొన్నది, బోనం నన్ను సూసి ఎత్తింది. ఇగ రోగం మిగిలితే అదీ నేర్సుకున్నది."

ఈమెకు గూడ మందులయినంక క్లిప్ వేసిండ్రు. మంచం పక్కన అత్త కూసున్నది, కాపలా ఉన్నట్టు. చిన్నత్త కండ్లు తెరవంగనే మొదట కనబడ్డది ఆ మొఖమే. తర్వాత నాతోటి చెప్పింది, నరకం అంటే గట్లనే ఉంటదేమో అనుకున్ననురా అని.

ఇద్దరి ఊపిరి బాగుపడ్డంక గోడ మీద తిట్లు పొడుగైనయి. అంతకుముందు దమ్ము సాలక సగంల ఆగేటివి. ఇప్పుడు మొత్తం వాక్యాలు వచ్చేవి, కొన్నిసార్లు రాగంతోటి. పొద్దుగాల అత్త గోడ మీంచి, "మందు మింగినవా లేదా? నేను ఉండంగ సావకు," అని అరిచేది. చిన్నత్త మామిడికాయ తొక్కు తింటుంటే పట్టుకొని, తర్వాతసారి చూపించుకునేటప్పుడు డాక్టరమ్మకు చాడీ చెప్పింది. ఉప్పు తగ్గించకపోతే మళ్లీ నీరు పడుతుందని డాక్టరమ్మ గట్టిగ చెప్తుంటే, అత్త పక్క కుర్చీల కూసోని పండుగ చేసుకున్నది. అట్లనే ప్రతి ఏడాది బోనాలకు అత్త ముందు, చిన్నత్త వెనుక. ఇద్దరూ ఆగకుంట గుట్ట ఎక్కేటోళ్లు.

ఇగ మొన్నటి సంగతి. అశ్రునివాళి ఫ్లెక్సీ పని నాకు అప్పజెప్పిండ్రు. ఏ ఫొటో పెట్టాలో అత్త నాకు ఎప్పుడో చెప్పి ఉంది. ఆ గుట్ట మీది ఫొటో. ముందర అత్త, రాయి లెక్క మొఖం, తల మీద దీపం. వెనుక గుండిగ కింద నోరు తెరిచి రొప్పుతున్న చిన్నత్త. పెద్దగ వేయించిన. చిన్నత్త గేటుకు ఎదురుంగ ఉన్న కరెంటు స్తంభానికి కట్టిన, బైండింగ్ వైరుతోటి. చిన్నత్త వచ్చి కింద నిలబడి చూసింది.

"ఇంకో ఫొటో దొరకలేదా రా?"

"మస్తుగ దొరికినయి అత్తా. ఆమె ఇదే అన్నది."

"అంటది. ఎందుకనదు," అని లోపలికి పోయింది.

పెద్దకర్మ నాడు ప్లాట్ల పెద్దమనిషి వచ్చిండు. క్లిప్ వేసినా పోయింది గదా, నేను ఆనాడే చెప్పిన, అని బంతిల కూసోని పక్కోళ్లకు చెప్తున్నడు. అత్త కోసం రోజూ విడిగా వండే ఉప్పులేని పప్పు, ఆ రోజు గూడ మామ అలవాటు కొద్ది చిన్న గిన్నెల వండించిండు. వడ్డించే పని నాది. ఆ పప్పు ఆయన ఒక్కని విస్తట్లకే ఎట్ల పోయిందో దేవునికే తెలియాలె. ఆయన అటూ ఇటూ చూసిండు. అందరూ కమ్మగ తింటున్నరు. కర్మ భోజనంల వంకపెట్టొద్దు కాబట్టి మొత్తం తిన్నడు. మళ్లీ వేసిన.

ఇగ బోనాలు వచ్చినయి. నేను చూడనీకెనే పోయిన, అబద్ధమెందుకు. చిన్నత్త మొఖం చూడాలె, ఫొటో తీయాలె అని ఆఫీసుకు సెలవు పెట్టి మరీ పోయిన. రెండిండ్ల గడపలకు తోరణాల్లేవు. చిన్నత్త గేటు ముందర పాత చీరల నిలబడి ఉంది. నన్ను చూసి ఎందుకొచ్చినవని అడగలేదు. తెలుసు.

"మొన్న గుట్ట దాంక పోయొచ్చిన రా," అన్నది. "ఒక్కకాడ దమ్ము రాలే. డాక్టరమ్మ గూడ గుండె మంచిగున్నదన్నది. ముంగట ఎవ్వలు లేరు. మొదటిది నాదే. గని ఎత్తేటట్టు లేదు. బతికిచ్చి సంపింది నీ మేనత్త."

డప్పులు దగ్గరికొచ్చినయి. ఈసారి మొదటి బోనం వేరే వంశపోళ్లకు పోయింది. వాళ్ల కొత్తకోడలు, చిన్న పిల్ల, రెండు చేతులతోటి కుండను గట్టిగ పట్టుకొని, కింద రాళ్లు చూసుకుంటూ వస్తోంది. కుండ ఒక దిక్కు వంగింది. దీపం రెపరెపలాడింది.

"చేతులిడువు పిల్లా," అన్నది చిన్నత్త. గట్టిగ అనలేదు. డప్పుల సప్పుడుల ఆ పిల్లకు వినబడి ఉండదు. "కిందికి సూడకు. మెడ నిలవెట్టు."

బోనాలన్నీ ఒకదాని వెనుక ఒకటి పోయినయి. మలుపు తిరిగినంక డప్పులు సన్నగైనయి. నా చేతుల ఫోన్ ఉంది గని తీయాల్సిన మొఖం నాకు కనబడలేదు. ఆమె గుట్ట దిక్కు తిరిగి ఉంది. సన్నటి తుంపర మొదలయింది. తల మీద కొంగు లేదు, కుండ లేదు. రెండు చేతులు పక్కలకు ఇడిసిపెట్టి, మెడ నిలవెట్టి, గాలి తీసుకుంటూ ఇడుస్తూ నిలబడ్డది, లోపలికి రా అత్తా అని నేను పిలిచినా తల తిప్పకుంట.